బోరుకు పంపే ముందు

"వైరు బ్రష్షు తాకించొద్దురా. కిరసనాయిలు, గుడ్డపీలిక. అంతే."

మేస్త్రి గట్టిగా ఏమీ అనలేదు. అయినా కుర్రాడి చెయ్యి ఆగిపోయింది. విస్సన్నపేటలో నూజివీడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఇది. మామిడి కోతలు ఊపుమీదున్న రోజులు. ట్రేలు పేర్చుకున్న వ్యాన్లు బయట ఆగకుండా పోతున్నాయి. లోపల చైన్ బ్లాకుకు ఒక పెట్రోల్ ఇంజన్ వేలాడుతోంది. తోటలోని పాక నుంచి పొద్దున్నే ట్రాక్టర్ ట్రక్కులో తెచ్చారు. ఇన్నేళ్ళూ కప్పి ఉంచిన గోనెసంచుల పీచు ఇంకా దానికి అంటుకునే ఉంది. పక్కన 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ, ముందు చిన్న చిన్న గడుల గ్రిల్లు. బానెట్ ఎత్తి ఉంది. దాని కింద ఉన్నది డీజిల్ ఇంజన్.

కారు తాతగారిది. మనవడు దాన్ని మళ్ళీ పెట్రోల్‌కు తేవాలనుకుంటున్నాడు. పాకలో ఉన్నది ఈ కారుతో పుట్టిన ఇంజనేనని ఇంట్లో అందరి నమ్మకం. "మీ తాతయ్య డీజిల్ పెట్టించిన రోజున దాన్ని అమ్మనివ్వలేదురా, పాకలో పెట్టించారు," అని నాయనమ్మ ఎప్పుడూ చెబుతుంది. ఆవిడ మాటను మేస్త్రి కాదనడు. కానీ ఇంజన్ విప్పేలోపు ఇనుముతో కూడా అదే మాట అనిపించాలని ఆయన పట్టు.

ఆ పట్టు న్యాయమైనది. ఇంజన్ బాగుచేయడమంటే సగం పని చెరిపేయడమే. బ్లాకును కాస్టిక్ నీళ్ళలో ఉడికిస్తారు, పాత రంగు పోతుంది. బోరు కొడతారు, సిలిండర్ లోపలి పాత కొలత పోతుంది. పైముఖాన్ని మిషన్ మీద చదును చేస్తారు, అక్కడేమైనా కొట్టి ఉంటే అదీ పోతుంది. అమెరికాలో పాత కార్వెట్లు కొనేవాళ్ళు దీని కోసమే ప్రాణం పెడతారు. షెవర్లే వీ8 బ్లాకుకు కుడి హెడ్డు ముందున్న చిన్న చదునైన గట్టు మీద నంబర్ కొట్టి ఉంటుంది. బ్లాకు పైముఖాన్ని చెక్కిన రోజున ఆ నంబర్ కూడా రజనై రాలిపోతుంది. ఆ తర్వాత ఇంజన్ ఎంత బాగా నడిచినా అది ఏ కారుదో చెప్పే సాక్షి ఉండదు.

మనవడు కాగితాల కవరు తెరుస్తున్నాడు. ముందు కొత్త స్మార్ట్ కార్డు తీశాడు. అందులో ఇంధనం డీజిల్, సామర్థ్యం 1489 సీసీ. పెట్రోల్ ఇంజన్ కూడా 1489 సీసీయే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ సంతానమే, సిలిండర్ వ్యాసం, స్ట్రోకు కూడా ఒక్కటే. 1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ డీజిల్ అంబాసిడర్ తెచ్చినప్పుడు, పెట్రోల్ ధరకు బెదిరిన పాత అంబాసిడర్ల వాళ్ళు ఆ ఇంజన్ వెంటపడటానికి ఇదీ ఒక కారణం. కారు లోపల పెద్దగా కోతలూ అతుకులూ లేకుండానే డీజిల్ కూర్చుంటుంది. కార్డులో సీసీ ఒక్కటే చూసి "మ్యాచ్ అయింది" అనుకుంటే మోసపోయినట్టే.

"కార్డు పక్కన పెట్టు బాబూ. పాత సి-బుక్కు ఉందా?"

ఉంది. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. మూడక్షరాల పాత నంబర్. మొదటి పేజీలో ఇంజన్ నంబర్ చేత్తో రాసి ఉంది, దాని మీద అడ్డగీత. కింద డీజిల్ ఇంజన్ నంబర్, అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. తాతగారు దొంగచాటుగా మార్పించలేదన్నమాట, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి రాయించారు. ఆ పనిని మెచ్చుకోవాల్సిందే. కొత్త కార్డులో ఇప్పటి నంబర్ ఒక్కటే ఉంటుంది, గీత కింద నలిగిన మొదటి నంబర్‌ను ఈ చిరిగిన పుస్తకమే దాచింది. కార్డు వచ్చింది కదా అని సి-బుక్కులు చింపేసిన ఇళ్ళు ఎన్నో.

కానీ చెదపురుగు ఆ పేజీ అంచును వదల్లేదు. నంబర్‌లో చివరి రెండు అంకెలు లేవు.

మనవడి ముఖం వాడిపోయింది. మేస్త్రి మాత్రం కవరును తనవైపు లాక్కుని ఒక్కొక్క కాగితమే మంచం మీద పరుస్తున్నాడు. టాక్స్ రసీదులు, టైర్ల బిల్లు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ. ఆ తర్వాత ఒక ఇన్సూరెన్స్ పాలసీ, టైపు మిషన్ అక్షరాలు. డీజిల్ పెట్టకముందుది. ఇన్సూరెన్స్ కాగితం మీద ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండూ ఉంటాయని చాలామందికి గుర్తుండదు. ఇందులో పూర్తి నంబర్ ఉంది. సి-బుక్కులో మిగిలిన అంకెలతో ఒక్కొక్కటీ సరిపోతోంది. ఆయన దాన్ని ఇంకా బిగ్గరగా చదవలేదు. "నువ్వు చదవకు. ముందు ఇంజన్ చెప్పాలి," అని కాగితాన్ని బోర్లించాడు.

ఇప్పుడు బ్లాకు దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్‌లో బి సిరీస్ ఇంజన్లకు నంబర్‌ను చిన్న ప్లేట్ మీద కొట్టి బ్లాకుకు కుడి పక్కన రివెట్ చేసేవారు. దీనికీ అక్కడే ఒక ప్లేట్ ఉంది, ఆయిలూ దుమ్మూ కలిసి నల్లగా గడ్డకట్టింది. కుర్రాడు కిరసనాయిలు గుడ్డతో అద్దుతున్నాడు, రుద్దడం లేదు. మడ్డి కరిగి కారుతోంది. అంకెలు తేలుతున్నాయి. మేస్త్రి తెల్లకాగితం ఆనించి పెన్సిల్ అడ్డంగా రుద్దాడు, రవాణా ఆఫీసుకు ఛాసిస్ ప్రింట్ తీసినట్టే. అప్పుడు పాలసీ తిప్పి పక్కన పెట్టాడు.

అన్ని అంకెలూ కలిశాయి.

మనవడు సెల్‌ఫోన్ తీసి నాయనమ్మకు ఫోన్ చేయబోయాడు. "ఆగు బాబూ," అన్నాడు మేస్త్రి. "ప్లేటు చెప్పింది. ప్లేటును ఎవరైనా ఊడదీసి వేరే బ్లాకుకు కొట్టొచ్చు."

ఆయన టార్చి వేసి రివెట్ల మీదికి వంగాడు. మనమూ వంగి చూద్దాం. ఊడదీసి మళ్ళీ బిగించే వాళ్ళు చాలావరకు పాప్ రివెట్లు వాడతారు, వాటి తల మధ్య సన్నటి బెజ్జం ఉంటుంది. వీటి తలలు నిండుగా ఉన్నాయి. డ్రిల్లు జారిన గీత చుట్టుపక్కల ఎక్కడా లేదు. బ్లాకు మీది పాత రంగు ప్లేట్ అంచు మీదికి ఎక్కి, చీలిక లేకుండా సాగింది. ప్లేట్ ఊడదీసి ఉంటే ఆ రంగు అంచు దగ్గర పగిలేది. వైరు బ్రష్షుతో ఒక్కసారి గీకి ఉంటే ఈ సాక్ష్యం మనకు దక్కేదే కాదు.

నంబర్ నేరుగా లోహం మీద కొట్టిన బండ్లలో చూడాల్సింది వేరు. అంకెల లోతు ఒకేలా ఉందా, వరస వంకర పోయిందా, అక్కడి లోహం చుట్టుపక్కల కంటే పల్లమైందా, గ్రైండర్ గీతలున్నాయా. గీకేసిన అంకెల కింద కూడా పంచ్ దెబ్బకు లోహం నలిగి ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఆమ్లం పూస్తే నలిగిన చోటు వేరే తీరున కరిగి పాత అంకెలు పైకి వస్తాయి. ఉక్కు మీద వచ్చినంత స్పష్టంగా పోత ఇనుము మీద రావు.

మంచం మీద ఇంకో బిల్లు మిగిలింది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, "బోరింగ్, ట్వెంటీ సైజు పిస్టన్లు, హెడ్డు మార్పు". ట్వెంటీ అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, అర మిల్లీమీటరు. ఈ ఇంజన్ అసలు బోరు 73.03 మిల్లీమీటర్లు. బిల్లు నిజమైతే లోపల 73.53 ఉండాలి.

హెడ్డు దించారు. పిస్టన్ల నెత్తిన మసి. మేస్త్రి చెక్కపుల్లతో మెల్లగా గీకుతున్నాడు, ఇనుప పుల్ల వాడడు. మసి కింద నుంచి "020" కనిపించింది. మిగతా మూడింటి మీదా అదే. రింగులు తిరగని అడుగు భాగంలో బోర్ గేజ్ దించితే బిల్లు చెప్పిన కొలతే చూపింది. పైభాగం అరిగి గట్టు కట్టింది. ఎక్కడో లేత్ షాపులో ఎన్నడో రాసిన ముక్కకు, ఈ ఇనుములోని కొలతకు ఇంతగా పొత్తు కుదరడం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక కుటుంబం కాగితాలు జాగ్రత్త చేసుకుంటే ఎంత మేలో ఇంతకంటే ఎవరు చెబుతారు!

అదే బిల్లు మరో సంగతి కూడా తేల్చింది. హెడ్డు మారింది. బ్లాకు కారుతో వచ్చినదే, హెడ్డు తర్వాతది. మేస్త్రి నోట్‌బుక్కులో రెండూ విడివిడిగా రాశాడు, కార్బురేటర్ పోయిందనీ రాశాడు. మనవడు కాస్త తటపటాయించి అడిగాడు.

"బాబాయ్, హెడ్డు సంగతి రాయకపోతే ఏం?"

"రేపు నువ్వు అమ్మినా, నీ పిల్లలు విప్పినా తెలిసేదే. ఉన్నదున్నట్టు రాద్దాం."

ఆ జవాబు నాకు నూటికి నూరుపాళ్ళు నచ్చింది. అసలు ఇంజన్ దొరకని వాళ్ళు వేరే బ్లాకు మీద పాత నంబర్ కొట్టించుకోవడం పట్ల నాకు ఏ జాలీ లేదు. అది ఫోర్జరీ. మారిన ఇంజన్‌తో నిజాయితీగా తిరిగే కారు దానికంటే ఎన్నో రెట్లు గౌరవనీయం.

ఇక మిగిలింది రవాణా శాఖ. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలకు ఆ గుర్తింపు దొరుకుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఈ కారుకు వయసు సరిపోయింది.

"పెడదామా మరి?" అన్నాడు మనవడు.

"పెట్టు. కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, రిపేరుకు తప్ప రోడ్డెక్కకూడదు. నాయనమ్మని తిరువూరు తీసుకెళ్తానన్నావుగా?"

తీసుకెళ్ళాలనే ఉంది అతనికి. అయితే వింటేజ్ వద్దు, మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించాలి. డీజిల్ దించి పెట్రోల్ ఎక్కించడానికి ముందుగా అధికారి అనుమతి కావాలి. అర్జీకి సి-బుక్కు, పాలసీ, పెన్సిల్ ప్రింటు మూడింటికీ జెరాక్సులు తీయించమన్నాడు మేస్త్రి. బ్లాకు ఆటోనగర్‌కు వెళ్తుంది. ఫార్టీ సైజు కొట్టించినా బోరు 74.04 అవుతుంది, లైనర్లు వేయాల్సిన అవసరం ఇప్పట్లో లేదు. లేత్ వాళ్ళకు చీటీ రాసి బ్లాకుకే కట్టాడు: ప్లేటు ఊడదీయొద్దు, దాని మీద రంగు వేయొద్దు, పైముఖం వంకర ఉంటే తప్ప చెక్కొద్దు, చెక్కేముందు ఫోన్ చేయండి.