ఉదయగిరి గరిటె: ఇంట్లో అబ్బిన పని

నెల్లూరు జిల్లా ఉదయగిరి అనగానే చరిత్ర చదివినవాళ్లకు కోట గుర్తొస్తుంది. గజపతుల ఏలుబడిలో ఉన్న ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, మరుసటి ఏడు గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించాడు. కోట గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొండ కింద ఇళ్లలో కూర్చుని తరాలుగా చెక్క గరిటెలు చేస్తూ వచ్చినవాళ్ల గురించి రాసింది మాత్రం తక్కువ. ఊరి చరిత్రలో వాళ్లకూ పెద్దపీటే వేయాలి.

చుట్టుపక్కల కొండల అడవుల్లో దొరికే బిక్కి, నర్ది వంటి చెక్కలే ఈ గరిటెల పనికి ఆధారం. చెక్కను పొడవుకు తగ్గట్టు రంపంతో కోసి, చెంచా ఆకారానికి తెచ్చి, గుంట తీస్తారు. ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నునుపు చేస్తారు. పిడి మీద పువ్వులు, తీగలు చెక్కడంలో చేయి తిరిగినతనం తెలుస్తుంది.

గుంట తీసేచోటే కష్టమంతా. ఎదురు పొరకు ఉలి పెడితే పెచ్చు లేచిపోతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. పదిహేనేళ్ల పిల్లకు ఈ సంగతి మాటలతో చెప్తే ఎక్కదు. పక్కన కూర్చుని చూడాలి, పెద్దవాళ్ల ఎదుట చేతులారా చేయాలి, రెండు మూడు చెక్కలు పాడవ్వాలి. పనిముట్టు మొద్దుబారితే పదును పెట్టుకోవడం, పిడి వదులైతే బిగించుకోవడం కూడా అక్కడే వస్తాయి. ఇంట్లో ఏది విరిగినా బాగుచేసుకోగల ధైర్యం అలాంటి చేతులకే ఉంటుంది.

ఇలాంటి చేతిపని విలువను బడులు ఆలస్యంగా గుర్తించాయి. ఫిన్లాండ్ 1866లో బడి చదువులో చేతిపనిని చేర్చింది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ టీచర్లకే చెక్కపనిలో శిక్షణ ఇచ్చాడు. మన దేశంలో 1937లో వార్ధాలో జరిగిన సభ తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ, చేతివృత్తి కేంద్రంగా సాగే ప్రాథమిక విద్యకు ప్రణాళిక రాసింది. ఆ ప్రణాళిక దేశమంతటా వేళ్లూనుకోలేదు. ఉదయగిరి ఇళ్లలో మాత్రం ఏ ప్రణాళికా లేకుండానే ఆ చదువు సాగింది.

ఈ పని ఎక్కువగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది, అందులో ఆడవాళ్ల పాలు పెద్దది. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు మంచిదే, కానీ దానితో పొయ్యి వెలగదు. చెక్క దొరకాలి, చేసిన పనికి గిట్టుబాటు ధర రావాలి. కూలి గిట్టకపోతే ఏ తల్లి అయినా కూతురి చేతికి ఉలి ఎందుకు ఇస్తుంది?

నాన్‌స్టిక్ పెనం వాడే ఇళ్లన్నిటికీ చెక్క గరిటె అవసరమే, అది పూతను గీకదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా కోట చూడబోయేవాళ్లు కొండ దిగాక ఊళ్లో కాసేపు ఆగండి. గరిటెలు చేసినవాళ్ల దగ్గరే, బేరమాడకుండా కొనండి.