పెద్దలనాటి భోషాణం

పాతకాలపు మండువా యింట అడుగుపెట్టినవారికి పడమటింటి చీకటిమూలలో ఒక పెద్ద కొయ్యపెట్టె కనిపించేది. అదే భోషాణం. మందమైన పలకలు, మూలలకు ఇత్తడి పట్టీలు, పిల్లవాడు దాగుకొనదగినంత లోతు, నలుగురు పట్టినా సులువుగా కదలని బరువు దాని లక్షణాలు. రాత్రివేళ ఇంటిపెద్ద దాని మూతమీదనే పక్క పరచుకొని నిద్రించేవాడు. తాళముకంటె ఆయన నిద్రయే ఆ ఇంటి సొత్తుకు గట్టి కాపలా.

పట్టుబట్టలు, వెండి కంచాలు, పెండ్లినాటి ఇత్తడి సామాను, తాటాకు గ్రంథాలు, భూముల దస్తావేజులు అన్నీ అందులోనే ఉండేవి. బ్యాంకులు పల్లెలకు రాని రోజులవి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. బ్యాంకులు ఊరూరా వెలసి, ఇనుప బీరువాలు ఇంటింటికీ వచ్చిన కొలదీ భోషాణం కొలువు తగ్గిపోయింది. కాలమహిమ ఎట్టిదంటే, ఆ బ్యాంకు సైతం 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై, తన పేరును చరిత్రకు అప్పగించింది. భోషాణాలు మాత్రం కొన్ని ఇండ్లలో ఇంకను మిగిలి ఉన్నవి.

ఈ పెట్టెలకు కొయ్య ఎక్కడినుండి వచ్చినది? గోదావరి ఎగువనున్న అడవులలో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి, నదిమీదుగా రాజమహేంద్రవరానికి చేర్చేవారు. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసినది. పంటలు పెరిగినవి, పెద్ద ఇండ్లు లేచినవి, వడ్రంగులకు చేతినిండా పని దొరికినది. సముద్రమార్గాన మరొక టేకు వచ్చినది. 1826లో మౌల్మీన్ ప్రాంతము, 1852లో రంగూను ఆంగ్లేయుల వశమైన తరువాత బర్మా కలప వర్తకము విస్తరించినది. మనవారు కూలికి, కొలువుకు, వ్యాపారానికి బర్మా వెళ్ళారు. అక్కడ తెలుగువారిని కోరంగీలని పిలిచే వాడుక మన కోరంగి రేవు పేరుమీదుగా వచ్చినదే. 1942లో యుద్ధభయంచేత కాలినడకన తిరిగివచ్చినవారికి కట్టుబట్టలే మిగిలినవి గాని, అంతకుముందే ఓడలకెక్కి వచ్చిన రంగూను టేకు మన ద్వారబంధాలలో, ఉయ్యాలబల్లలలో, భోషాణాలలో నిలిచిపోయినది.

మన వడ్రంగికి కొయ్యల స్వభావము కరతలామలకము. రోకలికి చండ్ర, బండికి తుమ్మ, వీణకు పనస, పెట్టెకు టేకు. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలిచే పనితనము లోకప్రసిద్ధము. టేకులో సహజంగా ఉండే నూనె చెదపురుగుకు గిట్టదు. ఇక పలకలను కలపడంలో మన పెద్దలు ఇనుపమేకును తేలికగా వాడలేదు. కుసిని తొలిలో దిగగొట్టి, అడ్డముగా కొయ్యచీల బిగించేవారు. దీనికి కారణము కలదు. కొయ్య వానకాలములో అడ్డముగా ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకొంటుంది. నిలువున మాత్రము ఇంచుమించు మారదు. పలకను గాడిలో వదులుగా నిలిపితే అది తన ఇచ్చవచ్చినట్లు మెదలుతుంది. మేకులతో కదలకుండ బంధిస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. పాత సామానులో కనిపించే పగుళ్ళు అనేకము తరువాతివారి మరమ్మతులవల్ల కలిగినవే.

ఇంతటి వస్తువుకు అసలు గండము ఇల్లు పంచుకొన్ననాడు వస్తుంది. పొలమును గట్లు వేసి పంచవచ్చు, భోషాణమును పంచలేము. మా తాతగారి భోషాణము గతియు ఇట్టిదే. అన్నదమ్ములు వేరుపడినప్పుడు అది ఎవరి వాటాకును ఇమడక పశువులసావడి చేరినది. ముప్పదియేండ్లకుపైగా దానిలో చిట్టు, తవుడు నిలవచేశారు. నేల తేమకు అడుగుపలక చివికినది. ఒక వర్తకుడు వచ్చి, ఇత్తడి పట్టీలకు ఒక వెల, కొయ్యకు ఒక వెల చెప్పినప్పుడుగాని మాలో కదలిక రాలేదు. విడదీసి అమ్మడమంటే తాతగారిని రెండవసారి సాగనంపినట్లే అనిపించినది. బేరము మానుకొని, దానిని బండిమీద వడ్రంగి ఇంటికి చేర్చాము.

అక్కడ జరిగిన పొరపాటు మాదే. పాతది కొత్తగా మెరవవలెనన్న ఆత్రముతో, పలకలన్నింటికి చిత్రిక పట్టమని చెప్పి వచ్చాము. మరునాడు వెళ్ళేసరికి ముందుపలక పచ్చని కొత్తకొయ్యవలె తేలినది. నూరేండ్ల చేతులు తాకి తెచ్చిన నలుపు, నునుపు పొట్టుగా నేలమీద పడి ఉన్నవి. వృద్ధుడైన ఆ వడ్రంగి మూత ఎత్తి, "బాబూ, దీనికి కూడా చిత్రిక పట్టమంటారా? ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. మూత లోపలివైపున కత్తిమొనతో గీసిన అక్షరాలు బారులుతీరి ఉన్నవి. ఏయేట ఎన్ని పుట్ల ధాన్యము వచ్చినది, ఎవరికి ఎంత బదులిచ్చినది, ఇంట ఏ బిడ్డ ఏ ఘడియను పుట్టినది, అన్నీ తాతగారి వ్రాతలోనే. ముందుపలకమీద ఏమైనా ఉండెనో లేదో చెప్పగలవారు నేడెవరూ లేరు. ఆ లోటును మేము మోయవలసినదే.

ఆ దినమునుండి పని తీరు మార్చాము. మెత్తని కుంచెతో దుమ్ము దులిపించాము. చివికిన అడుగుపలకకు బదులు, పడగొట్టిన పాత ఇంటినుండి తెచ్చిన టేకు దూలమును కోయించాము. కొత్తకొయ్య ఇంకను ఆరుతూ వంగుతుంది, పాతకొయ్య తన వంపులన్నీ తీర్చుకొని ఉంటుంది. కీళ్ళకు సరేసు వాడించాము. అది వేడినీటికి తిరిగి కరుగుతుంది. కనుక రేపటివాడు మన పనిలో తప్పుంటే కొయ్యకు హాని లేకుండ విప్పి సరిదిద్దుకొనగలడు. పైపూతకు స్పిరిటులో కరిగించిన లక్కయే చాలినది. మూత లోపలివైపును మాత్రము ఎవరును ముట్టలేదు. వస్తువును రక్షించడమంటే దాని వయస్సును చెరపడము కాదన్నది నేడు ప్రదర్శనశాలలవారు పాటించే నియమము. మా వడ్రంగి దానిని ఏ పుస్తకములోను చదువలేదు. మూత ఎత్తి మమ్ము ఒకమాట అడిగాడు, అంతే.

ఒక శుక్రవారము ఉదయము భోషాణము తిరిగి ఇల్లు చేరినది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. మూతకు పసుపుకుంకుమలు పెట్టి, కొత్త కోడలిని పిలిచినట్లు లోనికి తెచ్చారు. ఇంటికి కావలసినవారంతా వచ్చారు. వేరుపడిన వాటాలవారు ఒక పంక్తిని భోజనానికి కూర్చుండడము చాలా యేండ్లకు అప్పుడే. తొంబదియేండ్లకు చేరువైన మా మేనత్తగారు కుర్చీ వేయించుకొని, మూత ఎత్తమన్నారు. చూపు ఆననందువల్ల ఆ అక్షరాలను వ్రేలితో తడిమారు. "యువ నామ సంవత్సరం, మాఘమాసం" అన్నచోట ఆమె చేయి నిలిచినది. అది 1936, ఆమె పుట్టిన యేడు.

"ఇది మా నాన్నగారి వ్రాతరా అబ్బాయీ! ఆడపిల్ల పుట్టిందని ఆయన నొచ్చుకొన్నారని మా నాయనమ్మ దెప్పేది. చూశావా, మీ నాన్నకు వ్రాసినంత పొడుగునా నాకూ వ్రాశారు" అన్నారు.

ఆ మాట వినవలెనంటే ఆ మూత మిగిలి ఉండవలసి వచ్చినది. మీ యిండ్లలోను ఏ అటకమీదనో ఒక ఉయ్యాలబల్ల, ఒక పీట, కడకు తాతగారు వార్తలు విన్న కొయ్యపెట్టె రేడియో ఐనా ఉండవచ్చును. దానిని వెలుగులోనికి తెచ్చుకొనండి. చిత్రిక పట్టించేముందు మాత్రము, ఒకమారు తిరగవేసి లోపలివైపు చూడండి.