రాస్ హిల్ ఏ రాస్‌ది? నా తప్పు దిద్దుకుంటున్నా

పోయిన ఎపిసోడ్‌లో ఇంగ్లండ్ కెథెడ్రల్ ఊళ్ల గురించి చెబుతూ, మన వైజాగ్ రాస్ హిల్‌కి మలేరియా డాక్టర్ రొనాల్డ్ రాస్ పేరే పెట్టారని అనేశాను. తప్పండీ.

పోర్టులో పనిచేసి రిటైరైన మా నాన్న అది చూసి అడిగారు: "ఏరా, కొండమీద ఇల్లు కట్టింది 1864లో కదా, మీ డాక్టరు పుట్టిందెప్పుడు?" 1857లో! అంటే అప్పటికి ఏడేళ్ల పిల్లాడు. సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో టెస్ట్ చేయని కోడ్ పంపేవాణ్ణి కాదు, చరిత్రని మాత్రం పంపేశాను.

ఈ రాస్ వేరే, మాన్స్యూర్ రాస్ అంటారు. ఆయన ఇల్లే తర్వాత మేరీమాత ప్రార్థనాలయం అయింది.

మొన్న నాన్నతో వన్‌టౌన్ వెళ్లి కొండెక్కాను. మరో కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోటి దర్గా కొండ. కింద 1933లో ప్రారంభమైన పోర్టు, ఓడలొచ్చే దారి, అటువైపు డాల్ఫిన్స్ నోస్. ఇంగ్లండ్‌లో ఆ ఊళ్లకి ఒక్క కెథెడ్రల్ గుర్తు. మన రేవుకి మూడు కొండలు. డిసెంబర్ 8న మేరీమాత పండక్కి అన్ని మతాలవాళ్లూ ఇక్కడికొస్తారు.

పాత వీడియో తీసేశాను. మీరు ఈ కొండెక్కినప్పుడు పక్కవాళ్లకి రాస్ ఎవరో సరిగ్గా చెప్పండి. ఉంటానండీ.