ఇంట్లో అత్యవసర వస్తువులకు వేరే కరెంటు లైను – నాడు, నేడు

మన తరం వారికి కరెంటు అంటే మొదట దీపమే. ఇంటికి నాలుగు బల్బులు, కలిగినవారికి ఒక ఫ్యాను, ఒక రేడియో. కరెంటు పోతే లాంతరు వెలిగించుకునేవారం. వంట గాని, నీళ్ళు గాని ఆగేవి కావు. ఇప్పుడు ఆ రోజులు లేవు. ఫ్రిజ్‌లో ఇన్సులిను, మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టుకున్న పింఛనుదారుల ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అందుచేత అత్యవసర వస్తువులకు వేరే లైను ఉండాలన్న ఆలోచన ఎలా వచ్చిందో, దానిని ఎలా ఏర్పరచుకోవాలో మన సభ్యులకు, వారి కుటుంబాలకు వివరించదలచాను.

హైదరాబాదు సంస్థానంలో 1910లో విద్యుచ్ఛక్తి శాఖ ఏర్పడింది. 1920 నాటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వెలసింది. ఆంధ్ర ప్రాంతానికి 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు అందింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడ్డాక ఊరూరా స్తంభాలు లేచాయి. 1966లో కొత్తగూడెం, 1979లో విజయవాడ థర్మల్ కేంద్రాలు ఉత్పత్తి మొదలుపెట్టాయి.

ఆనాటి ఇళ్ళలో గోడకు టేకు బద్దలు కొట్టి, వాటి మీద క్లిప్పులతో వైరు లాగేవారు. నల్లని బేకలైటు స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు ఉండేవి. దేశంలోని కొన్ని పెద్ద నగరాలలో దీపాలకు, ఫ్యాన్లకు ఒక రేటు, హీటర్ల వంటి వాటికి అంతకంటె తక్కువ రేటు ఉండేవి. రెంటికీ వేర్వేరు మీటర్లు, వేర్వేరు వైరింగులు. పెద్ద సాకెట్టును మనం నేటికీ పవర్ ప్లగ్గు అనడం ఆ విభజననే గుర్తుచేస్తుంది. దీపాలు, ఫ్యాన్ల సర్క్యూటులో 10 పాయింట్లకు, 800 వాట్లకు మించరాదనీ, పవర్ సర్క్యూటుకు రెండు సాకెట్లే ఉండాలనీ భారతీయ ప్రమాణాలు కూడా నిర్దేశించాయి. ఐతే ఆ విభజన వైర్లు వేడెక్కి కాలకుండా చూడడానికే. కరెంటు పోయినప్పుడు ఏది నడవాలన్న ప్రశ్న అప్పటికి పుట్టలేదు.

ఆ ప్రశ్నను ఇళ్ళలోకి తెచ్చింది ఇన్వర్టరు. 1990ల నుండి దాని వాడకం పెరిగింది. బ్యాటరీ ఇల్లంతటినీ మోయలేదు గనుక ఏ ఫ్యాను, ఏ దీపం అన్నది ఇంటివారే తేల్చుకోవలసి వచ్చింది. 2012–13లో ఉమ్మడి రాష్ట్రంలో గంటల తరబడి కోతలు అనుభవించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో అనేక పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వల్ల విజయవాడ వాసులకూ ఆ అవస్థ తప్పలేదు. కోతలు తగ్గినా ప్రకృతి వైపరీత్యం మాత్రం చెప్పి రాదు.

మరొక మార్పు గమనించండి. పాత టెలిఫోను ఎక్స్ఛేంజి బ్యాటరీలతో నడిచేది. అందువల్ల ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను మోగేది. ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా వచ్చే ఫోనుకు ఇంట్లోని రౌటరు నడవాలి. అది ఆగితే డాక్టరును పిలిచే దారుల్లో ఒకటి మూసుకుపోయినట్లే.

ఇక ఏర్పాటు సంగతి. ముందుగా కాగితం మీద పట్టిక వ్రాయండి. పాత ఫ్యాను 75 వాట్లు, రెండు ఎల్.ఇ.డి. బల్బులు 20, రౌటరు 15, మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో లెక్కకు 1800 వాట్ అవర్లు ఉన్నా, నష్టాలు పోను 1200 అనుకోవడం క్షేమం. అంటే ఈ మూడూ పది గంటలకు పైగా నడుస్తాయి. వీటికి సుమారు 350 వాట్ల ఆక్సిజన్ యంత్రం చేరిస్తే రెండున్నర గంటలే! కాబట్టి అటువంటి ఇంట్లో నిండు సిలిండరు విడిగా ఉండి తీరాలి. వైద్య పరికరాలకు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోవాలి. గీజరు, ఏ.సి., ఇస్త్రీపెట్టె ఈ లైను మీదకు రాకూడదు. ఫ్రిజ్ మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. దానిని కలపదలిస్తే ఇన్వర్టరు ఆ తాకిడిని తట్టుకోవాలి. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది.

ఈ లైనుకు వేరే ఎం.సి.బి. పెట్టించండి. దీపాలు, ఫ్యాన్లకు 1.5 చదరపు మి.మీ., సాకెట్లకు 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వేయించండి. అన్నిటికంటె ముఖ్యం న్యూట్రలు. ఫేజుతో పాటు న్యూట్రలు కూడా చివరిదాకా వేరుగా ఉండాలి. పాత బోర్డులలో అన్నిటికీ ఒకే న్యూట్రలు కలిపేస్తారు. అలా ఉంటే లీకేజిని పసిగట్టే ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతుంది. విసుగెత్తి దానిని తీసివేయిస్తే ప్రాణానికున్న కాపలాను తీసివేసినట్లే. మెయిన్ ఆపినా ఈ లైనులో కరెంటు ఉంటుంది కనుక, బోర్డు మీద ఆ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.

అప్పు తీసుకుని 1970లలో కట్టుకున్న ఇళ్ళు మనలో పలువురివి. వాటిలో అల్యూమినియం వైరింగు ఉంటే, దానికే అతుకులు వేయక, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకు ముందుగా చూపించండి. ఎర్తింగు కూడా పరీక్ష చేయించండి.

పిల్లలు దూరాన ఉన్నవారికి ఇది మరీ అవసరం. ఈసారి వారు సెలవులకు వచ్చినప్పుడు ఆ పట్టిక కలిసి వ్రాయండి. మంచం నుండి స్నానాలగదికి వెళ్ళే దారిలోని దీపంతో మొదలుపెట్టండి. చీకట్లో పడి తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు ఈ లైను ఖర్చు ఏపాటిది?