కార్జపు జలగపై ఎంజైమ్ నిరోధకాలు: చికిత్సా చరిత్రలో ఒక అధ్యాయం

1. ఉపోద్ఘాతం

పశువుల కాలేయాన్ని తొలిచి పిత్తనాళాల్లో స్థిరపడే ఫాసియోలా ప్రజాతి పురుగులను తెలుగులో ‘కార్జపు జలగలు’ అంటారు. జీవశాస్త్ర దృష్టిలో ఇవి జలగలు కావు, బల్లపరుపు పురుగులు. 1879-80 ప్రాంతంలో ఇంగ్లండులో సుమారు 30 లక్షల గొర్రెలు ఈ వ్యాధికి బలైనట్లు అంచనా. కొద్ది కాలానికే జర్మనీలో లాయికార్ట్, ఇంగ్లండులో థామస్ వేర్వేరుగా పరిశోధించి ఈ పురుగు జీవితచక్రంలో నత్త పాత్రను నిరూపించారు. వ్యాప్తి మార్గం తెలిసినా మందు సమస్య మిగిలింది. పురుగు, పశువు ఒకే రకమైన రసాయన చర్యలతో గ్లూకోజును వినియోగించుకుంటాయి. అటువంటప్పుడు పశువుకు హాని లేకుండా పురుగును మాత్రమే చంపడమెలా?

2. గ్లూకోజు మార్గం

1954లో మన్సూర్, బ్యూడింగ్ ఈ ప్రశ్నకు షిస్టోసోమా అనే మరో పరాన్నజీవిలో తొలి ఆధారం చూపారు. దానిలోని ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ ఎంజైమును ఆంటిమొనీ మందులు అణచివేస్తాయని, క్షీరదాలలోని అదే ఎంజైముపై వాటి ప్రభావం చాలా తక్కువని తేలింది. పేరు ఒకటే అయినా ఎంజైములు ఒకటి కావన్నమాట. 1962లో మన్సూర్ కార్జపు జలగలోని ఇదే ఎంజైమును సెరొటోనిన్, సైక్లిక్ ఏఎంపీ ఉత్తేజపరుస్తాయని చూపాడు.

1970ల చివర మెర్క్ సంస్థ పరిశోధనల నుండి వచ్చిన క్లోర్సులాన్ ఈ ఆలోచనకు ఆచరణరూపం. ఇది గ్లూకోజు మార్గంలోని ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్, ఫాస్ఫోగ్లిసరోమ్యూటేజ్ ఎంజైములను నిరోధిస్తుంది. మందు పశువు ఎర్రరక్తకణాలకు అంటుకొని, రక్తం తాగే జలగలోకి చేరుతుంది. అయితే సాధారణ మోతాదులో ఇది ఎదిగిన జలగలపైనే బాగా పనిచేస్తుంది. కాలేయ కణజాలాన్ని తింటూ తిరిగే పిల్ల జలగలు తప్పించుకుంటాయి.

3. పిల్ల జలగల సమస్య

1983లో వచ్చిన ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపగలిగింది. కానీ అది ఎలా పనిచేస్తుందో నేటికీ పూర్తిగా తేలలేదు. 1995లో ఆస్ట్రేలియా నుండి దానికి లొంగని జలగల వార్త వెలువడింది. పిల్ల జలగలపై దానికి సాటివచ్చే మందు లేనందున ఇది తీవ్రమైన దెబ్బ.

ఈ దశలో పరిశోధన కెథెప్సిన్ల వైపు మళ్లింది. 1989లో డాల్టన్, హెఫర్నన్ జలగ స్రవించే థయోల్ ప్రోటియేజులను వర్ణించారు. ఇవి ప్రతిరక్షకాలను ఛేదిస్తాయని 1990ల పరిశోధనలు చూపాయి. 2008లో ఆర్‌ఎన్‌ఏ జోక్యంతో వీటి ఉత్పత్తిని అణచినప్పుడు, పిల్ల జలగలు పేగు గోడను తొలిచే శక్తి తగ్గింది.

4. ముగింపు

కెథెప్సిన్లు పశువులోనూ, మనిషిలోనూ ఉన్నాయి. అందువల్ల 1954 నాటి ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది. పనితీరు తెలిసిన క్లోర్సులాన్‌కు పరిధి తక్కువ. పరిధి ఎక్కువైన ట్రైక్లాబెండజోల్ పనితీరు అస్పష్టం. ఎంజైమును గుర్తించడం చికిత్సకు ఆరంభమే. అది జలగ ఏ దశలో, ఏ అవసరానికి పనిచేస్తుందో, ఆతిథేయి ఎంజైముతో ఎక్కడ భేదిస్తుందో తేలినప్పుడే నిరోధకం మందు కాగలదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.