చెఱసాలలో తరగతులు – తెలుగు కారాగార రచనలు

తెలుగున కారాగార సాహిత్యమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా రచయిత దేశభక్తిని కొనియాడి, గ్రంథము ఏ జైలులో పుట్టినదో తెలిపి ముగింతురు. ఆ రచయితను ఏ తరగతిలో నుంచిరి, ఆ తరగతివానికి కాగితము, సిరా, రాత్రి దీపము లభించెనా లేదా యని విచారించినవారు తక్కువ. ఇది చిల్లర విచారణగా దోచవచ్చును. కాని జైలులో ఎవరు వ్రాయగలిగిరి, ఎవరు వ్రాయలేకపోయిరి యనునది ప్రతిభ యొక్కటే నిర్ణయించిన విషయము కాదనియు, ఖైదీల విభజనకై యేర్పడిన నియమములు గూడ దానిని నిర్ణయించిన వనియు మా యభిప్రాయము. అందుచేత ఆ విభజన చరిత్రను కొంత తడవవలసియున్నది.

కౌటిలీయార్థశాస్త్రమున బంధనాగార నిర్మాణము సన్నిధాత కర్తవ్యములలో జెప్పబడినది. అందు స్త్రీ పురుషులకు వేర్వేరు తావులుండవలెను. ధర్మస్థులు బంధించినవారిని, మహామాత్రులు బంధించినవారిని వేఱుగా నుంచవలెను. రాజు జన్మనక్షత్రమునాడును పూర్ణిమలయందును బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, అనాథలను విడిచిపెట్టవలెనని నాగరక ప్రకరణమున గలదు. ఈ ప్రకరణములలో గమనింపదగిన దేమనగా, విభజనకు ఆధారములు లింగము, వయస్సు, ఆరోగ్యము, బంధించిన యధికారి; ఖైదీ తన యింట నెట్లు బ్రదికినవాడను ప్రశ్న ఇచట రాలేదు. పైగా పూర్వకాలమున చెఱ తఱచుగా శిక్ష కాదు. శిక్షకు ముందు గాని, బాకీ తీరువఱకు గాని మనిషిని నిలిపియుంచు సాధనము. కంచెర్ల గోపన్న గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు గడపెనని మన సంప్రదాయము చెప్పును. అది తీర్పుచే నేర్పడిన గడువు కాదు. సర్కారు సొమ్ము చెల్లువఱకు సాగవలసిన నిర్బంధము. ఇన్ని నెలలని, ఇన్ని యేండ్లని ముందుగా లెక్కగట్టి విధించు ఖైదు మనకు ఇంగ్లీషువారి పాలనతో స్థిరపడినది.

1835 డిసెంబరులో మెకాలే వ్రాసిన మినిట్టు ననుసరించి జైళ్ళ విచారణకై ఒక సంఘ మేర్పడినది. అది 1838లో నివేదిక నిచ్చెను. ఖైదీని సంస్కరింపవచ్చునను నమ్మకము ఆ నివేదికలో కానరాదు. జైలు భయపెట్టవలెను, పని విసుగు పుట్టింపవలెను, ఏడాదికి మించిన శిక్ష గలవారికి ప్రత్యేకముగా సెంట్రల్ జైళ్ళుండవలెను – ఇదియే దాని ధోరణి. 1860 నాటి శిక్షాస్మృతి కారాగారవాసమును కఠినము, సాధారణము అని రెండు చేసినది. 1894 నాటి ప్రిజన్సు చట్టము ఇరువదియేడవ సెక్షనులో విభజనను శాసించినది: స్త్రీలను పురుషుల కంటికి గాని మాటకు గాని అందని తావున నుంచుట, చిన్న వయస్సువారిని పెద్దలనుండి వేఱుచేయుట, విచారణలో నున్నవారిని శిక్షపడినవారితో కలుపకుండుట, సివిలు ఖైదీలను క్రిమినలు ఖైదీలతో కలుపకుండుట. కాగితముమీద వీనిలో తప్పుపట్టదగినది లేదు. మన కథకు ముఖ్యములైనవి ఈ సెక్షను చెప్పని విభజనలు.

మొదటిది కాపలా వలన నేర్పడినది. చట్టము విడిగదులను ప్రస్తావించినను, మన జైళ్ళలో అధిక సంఖ్యాకులు రాత్రివేళ పొడవైన బ్యారక్కులలో పదులకొలది కలిసి పండుకొనినవారే. విడికొట్టు జైలుశిక్ష పొందినవానికి, ఉరిశిక్ష పడినవానికి. అండమానులోని సెల్యులర్ జైలు దీనికి అపవాదము. 1896లో మొదలై 1906లో ముగిసిన ఆ కట్టడమున నడిమి గోపురము చుట్టు ఏడు రెక్కలు, మనిషికొక గది. అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందఱు అండమాను చేరినవారే. మిగిలిన జైళ్ళలో బ్యారక్కును కాయుటకు జీతగాండ్రగు వార్డర్లు చాలరు. ప్రభుత్వము చౌకమార్గమును కనుగొనెను: ఖైదీనే కాపలాదారుగా జేసెను. మంచి నడవడి గలవాడు మొదట రాత్రి కావలివాడు, పిమ్మట ఓవర్సీరు, ఆపై కన్విక్టు వార్డరు. 1894 చట్టము ఇరువదిమూడవ సెక్షనులో ఇట్టివానిని ప్రభుత్వోద్యోగిగా పరిగణించినది. నిన్నటివఱకు తనతో రాళ్ళు గొట్టినవాని యన్నము, పని, నిద్ర నేడు వాని చేతిలో బడినవి. జైలు స్మృతులలో కన్విక్టు వార్డరు క్రూరుడుగానో హాస్యపాత్రగానో కనబడును గాని, ఆతడును ఖైదీయేయను సంగతిని స్మృతికర్తలు పలుమాఱు మఱచినట్లు దోచును.

రెండవది కులవిభజన. 1840 దశాబ్దమున బంగాళపు జైళ్ళలో ఉమ్మడి వంట ప్రవేశపెట్టబోగా అలజడులు పుట్టినవి. 1855లో బీహారునందలి ఆరా, ముజఫర్‌పూరు జైళ్ళలో ఇత్తడి చెంబులు తీసికొని మట్టిపాత్ర లియ్యబోగా ఖైదీలు తిరుగబడిరి; ముజఫర్‌పూరులో ఊరిజనము గూడ వారి పక్షమున లేచెను. ప్రభుత్వము వెనుకకు తగ్గెను. అటుపిమ్మట జైలు మాన్యువళ్ళలో వంట యే కులమువాడు చేయవలెను, పాకీపని యెవరిది యను నియమములు చోటు సంపాదించుకొనినవి. కులమును చెఱిపివేయబోయిన యధికారమే కులమును చట్టభాషలో నిలిపినది. ఆ నియమములు స్వరాజ్యము వచ్చినంతమాత్రమున పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వానిని రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. ఆ తీర్పున పరిశీలింపబడిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ గూడ నున్నది.

‘అలవాటుపడిన నేరస్థు’డను తరగతి దీనికి దగ్గఱి చుట్టము. 1871 నాటి క్రిమినల్ తెగల చట్టము పుట్టుకనే నేరమునకు సాక్ష్యముగా జేసెను. 1911 తరువాత మదరాసు రాజధానిలో దీని ననుసరించి సెటిల్మెంట్లు వెలసినవి. ఎఱుకలవారికై సాల్వేషన్ ఆర్మీ నడపిన స్టువర్టుపురము తెలుగువారెఱిగినదే. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. కాని తెగపేరు చూచి నేరస్వభావము నూహించు వాడుక జైలు నియమములలో మిగిలియుండుట 2024 తీర్పు వలననే బయల్పడినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’లో సెటిల్మెంటును, జైలును వర్ణించు ఘట్టములను పాఠకులు కథకు అడ్డుపడు ఉపన్యాసములని దాటిపోవుదురు. మాకు ఆ ఘట్టములే నవలకు గుండెకాయగా దోచును. తెలుగు నవలలో ఖైదీని తరగతిగా గాక మనిషిగా చూచిన తొలి ప్రయత్నము లందు గలవు.

ఇక మూడవ విభజన, అనగా హోదా. 1908లో ‘స్వరాజ్య’ పత్రిక రాజద్రోహపు కేసులో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాయవెల్లూరు జైలునకు బోయినప్పుడు రాజకీయ ఖైదీ యను తరగతి లేదు. ఆయన సామాన్య నేరస్థులలో నొకడుగా కఠినశిక్ష ననుభవించెను. 1919–20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతను గల భారత జైళ్ళ సంఘము శిక్షకు సంస్కరణము లక్ష్యమని ప్రకటించినది. సహాయనిరాకరణోద్యమమున చదువుకొనినవారు వందలకొలది జైళ్ళు నింపగా ప్రత్యేక సౌకర్యముల ప్రశ్న తీవ్రమయ్యెను. 1929 జూనులో భగత్‌సింగు, బటుకేశ్వరదత్తులు రాజకీయ ఖైదీల హక్కులకై నిరశనము పూనిరి. వారితో చేరిన జతీంద్రనాథదాసు అఱువదిమూడు దినము లుపవసించి సెప్టెంబరు 13న లాహోరు జైలున మరణించెను.

ప్రభుత్వ మిచ్చిన జవాబు 1930 ఫిబ్రవరి నాటి ఎ, బి, సి తరగతులు. ఆ యువకు లడిగినది రాజకీయ ఖైదీ యను గుర్తింపు. దొరకినది వేఱు. ఎ, బి తరగతులకు ముఖ్యమైన కొలబద్ద సాంఘిక హోదా, విద్య, అలవాటుపడిన జీవనసరణి; ఎ తరగతికి హింస, లోభము, నీతిబాహ్యత లేని నేరమై యుండుట మొదలగు నిబంధనలు తోడు. మిగిలినవారెల్ల సి. ఉద్దేశమునకు గుర్తింపు నియ్యకుండ ఉద్దేశము గలవారిలో పెద్దలను మాత్రము తృప్తిపఱచు నేర్పు ఇందున్నది. అదే యేట ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. ఒకే సముద్రతీరమున ఒకే కడవలో ఉప్పు వండిన న్యాయవాది బి తరగతికి, ఆతని వెంటనున్న రైతుబిడ్డ సి తరగతికి బోవుటకు ఈ నియమము దారితీసెను. నేర మొక్కటే, సెక్షను ఒక్కటే. వేఱుబడినది ఇంటి మంచము.

పై తరగతులకు మెఱుగైన భోజనముతోపాటు పుస్తకములు, వ్రాతసామగ్రి, ఉత్తరములు, కలయికలు అధికముగా లభించినవి. మన కారాగార సాహిత్యమున స్వీయచరిత్రలు, అనువాదములు, వ్యాఖ్యానములు ప్రబలుటకు ఇది యొక కారణమని చెప్పుట సాహసము కాదు. సి తరగతి సత్యాగ్రహి జైలు కథ మనకు నేతల స్మృతులలో ఒక వాక్యముగానో సంఖ్యగానో మాత్రమే చిక్కును. దీనివలన పెద్దల రచనల విలువ తగ్గునని మేము చెప్పుట లేదు. ఆ రచనలను ‘జైలు అనుభవ’మని సర్వసామాన్యముగా వాడుకొనుట తగదని మాత్రమే చెప్పుచున్నాము.

నిజాము రాజ్యమున పరిస్థితి వేఱు. 1948లో నిజామాబాదు జైలులో దాశరథి బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెనను సంగతి ప్రసిద్ధము. దీనిని కవి సాహసమునకు నిదర్శనముగా చెప్పుకొందుము. కాగితము లేమికి నిదర్శనముగా గూడ చదువవలెను. గోడమీది పద్యమునకు సున్నము పూసిన నాడే ఆయువు తీరును, ఎవరైన కంఠస్థము చేసిననే బ్రదుకును. ఆ జైలులోనే యున్న వట్టికోట ఆళ్వారుస్వామి పిమ్మట ‘జైలు లోపల’ యను కథలసంపుటి వెలువరించెను. అందు పాత్రలు నాయకులు కారు. దొంగతనమునకో హత్యకో వచ్చిన సామాన్య ఖైదీలు. తరగతి గోడ దాటి ఆవలివానితో మాటలాడిన రచన మనకు అరుదు గనుక, ఈ చిన్న సంపుటికి పరిశోధకు లిచ్చిన స్థానము చాలదని మా నమ్మకము.

1980–83 నాటి ముల్లా సంఘము హోదానుబట్టి తరగతు లేర్పఱచుట మానవలెనని సిఫారసు చేసెను; 2016 నాటి ఆదర్శ జైలు మాన్యువలు ఆ మాటనే నిలిపినది. సాహిత్యవిద్యార్థికి మిగిలిన పని వేఱు. కారాగార రచన నేదైన పరిష్కరించునపుడు పీఠికలో జైలు పేరుతోపాటు శిక్ష కఠినమా సాధారణమా, ఖైదీ యే తరగతివాడు, వ్రాతసామగ్రి యెట్లు లభించెను, వ్రాతప్రతి బయటి కెట్లు వచ్చెను అను నాలుగు సంగతులు గూడ చేర్చవలెను.