లోపమున్న నాణెం కొనవచ్చునా?: సుల్తాన్‌షాహీ టంకశాల రూపాయలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

చార్మినార్‌కు చేరువలోని మొఘల్‌పురా నేటి హైదరాబాదు వాసులకు పాతబస్తీలో ఒక పేటగానే తెలుసు. ఆ పేట పరిధిలోని సుల్తాన్‌షాహీలో 1803లో, మూడవ ఆసఫ్‌జా అయిన సికందర్‌జా కాలంలో, రాజ్య టంకశాల ఏర్పడింది. 1895లో ఐరోపా నుండి కొత్త యంత్రాలు వచ్చాయి. 1903 జూలై 13న టంకశాల సైఫాబాదుకు తరలింది. యంత్రాలు రాకముందు చేతితో ముద్రించిన హైదరాబాదు రూపాయలు నేటికీ సేకర్తల మధ్య చేతులు మారుతున్నాయి. అంచుకు జారిపోయిన అక్షరాలు, షరాబు వేసిన గాట్లు, మెడలో ధరించడానికి పొడిచిన చిల్లులు వీటిపై తరచుగా కనిపిస్తాయి. ఇటువంటివి కొనవద్దని అనుభవజ్ఞులైన సేకర్తలు కొత్తవారికి చెబుతుంటారు. తిరిగి అమ్ముకోదలచినవారికి అది మంచి సలహాయే. చరిత్ర విద్యార్థికీ, కళాశాల చరిత్ర శాఖకూ అదే సలహా వర్తిస్తుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

దీనికి తొందరగా సమాధానం వెదకవలసిన అవసరం ఉంది. కొనేవాడు లేని వెండి నాణెం తూకానికి అమ్ముడై మూసలోకి పోతుంది. దానిపై ఉన్న సంవత్సరం, అది చేతులు మారిన గుర్తులు అన్నీ అక్కడితో సమసిపోతాయి.

టంకశాలలో పుట్టిన లోపాలు

తూకం సరిచూసిన వెండి బిళ్ళను కింది అచ్చుదిమ్మెపై నిలిపి, పైదిమ్మెను సుత్తితో కొట్టడం ఆనాటి ముద్రణ పద్ధతి. దిమ్మెపై చెక్కిన లేఖనం సాధారణంగా బిళ్ళకంటే పెద్దది. అందువల్ల ఏ ఒక్క రూపాయి మీదా లేఖనం పూర్తిగా పడదు. ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అనే టంకశాల పేరులో ఒక నాణెంపై మొదటి మాట, మరొకదానిపై చివరి మాట మాత్రమే కనిపించవచ్చు. హిజ్రీ సంవత్సరం అంచు దాటిపోవడం సర్వసాధారణం. దీనిని లోపమనడం కన్నా ఆ పద్ధతి స్వభావమనడమే సమంజసం.

1857 తిరుగుబాటు వరకు ఆసఫ్‌జాహీలు మొఘల్ చక్రవర్తి పేరుతోనే నాణేలు ముద్రించారు. బహదూర్‌షా పతనం తరువాత ఆ స్థానంలో ఆసఫ్‌జా పేరు వచ్చింది. ఒక రాజ్యం తన సార్వభౌమత్వాన్ని ఎలా ప్రకటించుకున్నదో ఈ మార్పు చూపుతుంది. ఆ సంధికాలపు రూపాయి ఒకదానిపై చక్రవర్తి పేరుండి సంవత్సరం లేకపోవచ్చు. అదే దిమ్మెతో కొట్టిన ఇంకొకదానిపై సంవత్సరముండి పేరు లేకపోవచ్చు. రెంటిపైనా ఉమ్మడిగా పడిన అక్షరాల వంపులను పోల్చి దిమ్మె ఒక్కటేనని నిర్ధారిస్తే, రెండు అసంపూర్ణ నాణేలు కలిసి ఒక పూర్తి సాక్ష్యమవుతాయి. అందుచేత ఒక సుందరమైన రూపాయికి వెచ్చించే సొమ్ముతో పది అసంపూర్ణమైనవి వస్తే, పరిశోధకుడు ఆ పదింటినే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

నేడు నాణేల స్థితిని లెక్కగట్టడానికి వాడుతున్న 70 అంకెల కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో తొలికాలపు అమెరికా సెంట్ల కోసం రూపొందించాడు. దానినే మార్పులేకుండా సుల్తాన్‌షాహీ రూపాయికి అన్వయించి తక్కువ మార్కులు వేయడం, తాళపత్రాన్ని అచ్చుపుస్తకంతో పోల్చి అక్షరాలు బాగులేవనడం వంటిది.

వాడుకలో పడిన గాట్లు

మొఘల్ ద్రవ్య వ్యవస్థలో కొత్త సంవత్సరపు నాణేనికి ఒక విలువ, పాతబడినదానికి వట్టం పోగా మిగిలిన విలువ. నాణెం మంచిదో కాదో, ఎంత వట్టం తీయాలో తేల్చేవాడు షరాబు. అతడు పరీక్షించి వేసిన చుక్క, పువ్వు, నెలవంక వంటి చిన్న ముద్రలే ఇప్పుడు సేకర్తలు చిరాకు పడే మచ్చలు. తరువాతి హైదరాబాదు రూపాయికి వచ్చిన ‘హాలీ’ అనే పేరుకు ‘ప్రస్తుతం చెల్లేది’ అని అర్థం. చెల్లుబాటు అన్నది ప్రతి బజారులోనూ తేల్చుకోవలసిన విషయంగా ఉండేదన్న సంగతి ఆ పేరులోనే ఉంది. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, హాలీ రూపాయి సుమారు 11.2 గ్రాములు. వెండి పాలు కూడా హాలీలో తక్కువే. దాదాపు 7 హాలీ రూపాయలు 6 బ్రిటిష్ రూపాయలకు సమానంగా మారేవి. రెండు నాణేలు పక్కపక్కనే చెలామణి అయిన చోట షరాబుకు పని తప్పదు. ఒక్క మచ్చా లేని రూపాయి బహుశా పెట్టెలోనే ఉండిపోయినది. పది ముద్రలు పడిన రూపాయి పది పరీక్షలకు నిలిచినది. వర్తక చరిత్ర రాసేవారికి రెండవదే ఎక్కువ చెబుతుంది.

ఇది ఆసఫ్‌జాహీల కాలానికే పరిమితం కాదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి నాణేల నిధిలో కూడా పైనుంచి కొట్టిన చిన్న గుర్తులున్నవి ఉన్నాయి. పుదుక్కోట్టైలో 1898లో బయటపడిన 501 రోమన్ బంగారు నాణేల్లో అత్యధికం చక్రవర్తి ముఖంపై గాటుతో ఉన్నాయి. ఆ గాటు చెలామణి నుండి తొలగించడానికా, లోహాన్ని పరీక్షించడానికా అన్న చర్చ ఇంకా ముగియలేదు. గాట్లున్నవి పనికిరావని ఆనాడే పక్కన పెట్టి ఉంటే చర్చకు ఆధారమే ఉండేది కాదు.

చిల్లు సంగతి కొంత భిన్నం. కాసులపేరులోనో, లంబాడీ స్త్రీల నగల్లోనో చేరడానికి నాణేనికి రంధ్రం వేశారు లేదా కొక్కెం అతికించారు. అది ద్రవ్యంగా తన పని చాలించి స్త్రీ సొత్తుగా మారింది. ఏ వైపు ఎక్కువ అరిగిందో చూస్తే, ఏ ముఖం ఒంటిని రాసుకుంటూ ఉండేదో ఊహించవచ్చు. స్త్రీల ఆస్తి గురించి దస్తావేజులు అరుదుగా ఉన్నచోట చిల్లు పడిన రూపాయి కూడా ఒక దస్తావేజే.

కొనకూడనివి

అమ్మేవాడి చేతిలో పుట్టిన లోపం వేరు. చింతపండుతో, బూడిదతో మెరిసేలా తోమిన నాణెం తన ఉపరితలాన్నే కోల్పోతుంది. షరాబు ముద్రల అంచులు చెరిగిపోతాయి. చెరిగిన అక్షరాన్ని ఉలితో తిరిగి చెక్కినది అంతకన్నా హానికరం, ఎందుకంటే అది తప్పుడు పాఠాన్ని పరిశోధనలోకి తెస్తుంది. వెండితో పూడ్చిన చిల్లు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెరచి ఉన్న చిల్లు ఎంత వెండి పోయిందో చెబుతుంది. పూడ్చినది తూకాన్నే నమ్మకుండా చేస్తుంది. ధర ఎంత తగ్గించినా ఇటువంటివాటిని తీసుకోరాదు.

మట్టి వాసన పోని నాణేల గుంపు తక్కువ ధరకు వస్తే ఆశపడకూడదు. 1878 నాటి భూగర్భ నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగానే నిర్వచిస్తుంది. కాబట్టి రశీదు, అది ఎక్కడిదన్న వివరం లేకుండా కొనుగోలు జరగరాదు. తొలి చార్మినార్ రూపాయలు కూడా ఇప్పుడు ఈ పరిధిలోకి వచ్చాయి. చట్టాన్ని అటుంచినా, నిధిని విడదీసి అమ్మితే దొరికిన చోటు, తోడుగా ఉన్న నాణేలు తెలియకుండా పోతాయి. ఏ షరాబు గాటూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

కొన్న ప్రతి నాణేనికీ తూకం, వ్యాసం, రెండు వైపుల ఛాయాచిత్రాలు, గాట్ల స్థానం, అమ్మినవారు చెప్పిన వివరం పట్టికలో చేర్చాలి. శుభ్రం చేయకుండా ఉంచాలి. రాగి దుబ్బుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. గట్టిగా, నునుపుగా ఉన్న చిలుము నాణేన్ని కాపాడుతుంది. లేత ఆకుపచ్చని పొడిగా రాలే చిలుము లోహాన్ని తింటూ పోతుంది, తేమ దొరికితే ఇంకా పెరుగుతుంది. అటువంటి దుబ్బును కొంటే విడి పెట్టెలో, పొడి వాతావరణంలో ఉంచి, సంరక్షణ నిపుణునికి చూపించిన తరువాతే మిగిలినవాటి అలమారులో పెట్టాలి.